43 గళ్ల చెక్‌లిస్టు ఉంది, టిక్కులన్నీ పడుతున్నాయి, పనులు మాత్రం జారిపోతున్నాయి

కొత్తచీపురు · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

ఇంట్లో నాకు మతిమరుపు మనిషి అని పేరు పడిపోయింది. దాన్ని వదిలించుకుందామని రెండు నెలల కిందట ఫోన్లో చెక్‌లిస్టు యాప్ ఒకటి వేసుకున్నా. ఆఫీసుకొకటి, ఇంటికొకటి అని మొదలుపెట్టా. ఇప్పుడు రెండూ కలిసి 43 అంశాలయ్యాయి. పొద్దున్నే పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి రాత్రి ఫోన్ చార్జింగ్‌కి పెట్టడం దాకా అన్నీ ఎక్కించేశాను. మొదటి వారం భలే ఉషారుగా ఉంది. టిక్ కొడితే టింగుమని ఒక శబ్దం వస్తుంది, సగం టిక్కులు దానికోసమే కొట్టేవాణ్ణి.

మొన్న గురువారం ఏమైందంటే, నెలాఖరు రిపోర్టు హెడ్డాఫీసుకి పంపాలి. లిస్టులో ఉంది. పంపాను, టిక్ కొట్టాను. మర్నాడు ఫోన్ వచ్చింది: "మెయిల్ వచ్చిందండీ, ఫైలేదీ?" జతచేయలేదు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి చూస్తే గీజర్ పొద్దుట్నుంచీ ఆన్‌లోనే ఉంది. మా ఆవిడ ఏడింటికే వెళ్లిపోతుంది, చివర్లో తాళం వేసేది నేనే. విచిత్రమేంటంటే లిస్టులో "గీజర్ ఆఫ్" పక్కన టిక్ ఉంది! బస్సెక్కి కూర్చున్నాక, ఖాళీయే కదా అని వరసబెట్టి టిక్కులు కొట్టేసుకున్నాను. నాకు నేనే అబద్ధం చెప్పుకుంటున్నానన్నమాట.

లోపం నాదా, లిస్టుదా? లేక ఇలాంటివి కొందరికి పడవా?

మూడోమెట్టు · సోమవారం, రాత్రి 10:55

పళ్లు తోముకోవడం కూడానా 😀 లిస్టు లేని రోజుల్లో తోముకోలేదా ఏంటి సార్?

పాతదస్త్రం · సోమవారం, రాత్రి 11:31

కొత్తచీపురు గారూ, మీకు మతిమరుపేం లేదు. ఉంటే గీజర్ సంగతి ఇంత వివరంగా రాయలేరు.

నేను లెక్కల విభాగంలో ఇరవై రెండేళ్లుగా ఉన్నాను. నెలనెలా ఖాతాలు ముగించడం నా పని. మా బల్లల మీద రెండు రకాల కాగితాలుంటాయి. ఇవాళ ఏమేం చేయాలో రాసుకునేది ఒకటి, సాయంత్రానికి అది చెత్తబుట్టలోకి పోతుంది. ప్రతి నెలా చేసే పనిలోనే ఎక్కడెక్కడ తడబడతామో రాసుకున్నది రెండోది. అది గోడ మీదే ఉంటుంది, ఏడాదికోసారి కాస్త మారుతుంది. మీరు ఈ రెంటినీ ఒకే డబ్బాలో పోసి కలిపేశారు.

"రిపోర్టు పంపాలి" అన్నది మొదటి రకం. దాన్ని మీరు మర్చిపోలేదు, మర్చిపోనివ్వరు కూడా. మీరు మర్చిపోయింది ఫైలు జతచేయడం. ఆ మాట మీ 43లో ఎక్కడైనా ఉందా? ఉండదు. పళ్లు తోముకోవడం మాత్రం ఉంది.

అసలు పని అయిపోయిందనిపించగానే మనసు అక్కణ్ణుంచి లేచిపోతుంది. చివర్లో తోకలా ఏదో ఒకటి మిగిలిపోతుంది. జిరాక్స్ తీసుకున్నాక కాపీలు పట్టుకుని ఒరిజినల్‌ని మెషీన్ మీదే వదిలేయడం చూడండి, అదీ ఇదే జాతి. పరిశోధకులు దీనికి ప్రత్యేకంగా పేరు కూడా పెట్టారు, పని ముగిశాక జరిగే పొరపాటు అని. చాలా ఏటీఎంలు కార్డు చేతికిచ్చాకే డబ్బిస్తాయి, గమనించారా? డబ్బు ముందిస్తే జనం దాన్ని జేబులో వేసుకుని కార్డు మాట మరిచి వెళ్లిపోతారు. అందుకని మెషీన్‌లో వరస తిప్పేశారు. జనానికి జ్ఞాపకశక్తి పెంచే పని ఎవరూ పెట్టుకోలేదు.

మెయిలు విషయంలో నేను చేసేదీ ఇదే. ముందు ఫైలు జతచేస్తాను, తర్వాత విషయం రాస్తాను, ఎవరికి పంపాలన్న గడి ఆఖర్న నింపుతాను. ఆ గడి ఖాళీగా ఉన్నంతసేపూ పొరపాటున నొక్కినా మెయిల్ కదలదు. దీనికి చెక్‌లిస్టు అవసరమే లేదు. అవసరం లేని చోట లిస్టు పెట్టకపోవడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

రెంచి · మంగళవారం, ఉదయం 6:12

డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను విమానాల మరమ్మతు హ్యాంగర్‌లో మెకానిక్‌ని. కాగితం ముందు లేనిదే మా దగ్గర నట్టు కూడా తిరగదు. అందుకని ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను.

1935 అక్టోబరు 30. అమెరికాలో డేటన్ దగ్గర రైట్ ఫీల్డ్ అనే సైనిక విమానాశ్రయం. బోయింగ్ వాళ్ల మోడల్ 299 అనే నాలుగింజన్ల బాంబర్‌ని పరీక్షిస్తున్నారు. నడుపుతున్నది మేజర్ ప్లాయర్ హిల్, టెస్ట్ పైలట్‌గా మంచి అనుభవం ఉన్నవాడు. విమానం నేల వదిలింది, ముక్కు నిటారుగా లేచింది, గాల్లో పట్టు తప్పి కింద పడి తగలబడింది. హిల్ పోయాడు, బోయింగ్ టెస్ట్ పైలట్ లెస్లీ టవర్ కూడా ఆ గాయాలతోనే పోయాడు.

ఇంజన్లన్నీ బాగానే ఉన్నాయి. నిలిపి ఉంచినప్పుడు తోక దగ్గరి కదిలే పలకలు గాలికి కొట్టుకోకుండా ఒక లాక్ వేస్తారు. ఎగిరే ముందు దాన్ని తీయాలి. తీయలేదు. అంతే.

దీన్ని ఒక మనిషి నడపడం కుదరని పని అన్నవాళ్లున్నారు. సైన్యం పైలట్లు కూర్చుని ఆలోచించి, బయల్దేరే ముందు, గాల్లోకి లేచాక, దిగే ముందు, దిగాక ఏమేం చూసుకోవాలో చిన్న చిన్న జాబితాలు రాసుకున్నారు. ఆ విమానమే తర్వాత బీ-17 అయింది, 12,700 పైచిలుకు తయారయ్యాయి. విమానం ఎలా నడపాలన్నది ఆ కాగితంలో ఉండదు, అది పైలట్‌కి తెలుసు. తెలిసినవాడు కూడా ఎక్కడ జారతాడో అదే ఉంటుంది.

ఇక మీ బస్సు సంగతి. మా దగ్గర లిస్టు వాడే తీరులు రెండు. ఒకటి, గీత చదువుతూ పని చేయడం, అలవాటు లేని పనికి అలా. రెండోది, పనంతా చేతివాటంతో చేసేసి, ఒక చోట ఆగి, ఒక్కొక్కటీ మళ్లీ చూసుకోవడం. రోజూ చేసే పనికి ఇది సరిపోతుంది. మీది రెండూ కాదు. గీజర్ ఇంట్లో, టిక్ బస్సులో. వస్తువు కళ్లెదుట లేనప్పుడు కొట్టిన టిక్‌ని మేము సంతకం ఫోర్జరీతో సమానంగా చూస్తాం.

కొత్తచీపురు · మంగళవారం, ఉదయం 7:05

ఫోర్జరీ 😢 ఒప్పుకుంటున్నాను సార్.

పాతదస్త్రం గారూ, ఫైలు జతచేయాలన్న మాట నా లిస్టులో నిజంగానే లేదు. ఇప్పుడే వెతికా.

నీలిగౌను · మంగళవారం, మధ్యాహ్నం 2:40

ఆపరేషన్ థియేటర్‌లో నర్సుని. రెంచి గారు "ఒక చోట ఆగి" అన్నారు చూడండి, మా పనంతా ఆ ఆగడంలోనే ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో సర్జరీల కోసం ఒక పేజీ చెక్‌లిస్టు విడుదల చేసింది. 19 అంశాలు, మూడు చోట్ల ఆగాలి: మత్తిచ్చే ముందు, కత్తి పెట్టే ముందు, రోగిని థియేటర్ నుంచి తరలించే ముందు. ఎనిమిది నగరాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, పెద్ద ఇబ్బందులు 11 నుంచి 7కి తగ్గాయని అందులో ఉంది.

అంకెలు అలా ఉంచి, లోపల ఎలా ఉంటుందో చెప్తాను. కత్తి పెట్టే ముందు అందరూ చేతులు ఆపాలి. ఎవరు ఎవరో, ఏ పని చేస్తారో పేరుతో సహా చెప్పాలి. రోజూ కలిసి పనిచేసేవాళ్లం మళ్లీ పేర్లు చెప్పుకోవడమేంటని కొత్తలో నవ్వొచ్చేది. ఒకసారి నోరు విప్పినవాళ్లు రెండోసారి విప్పడానికి జంకరు, దాని ఉపయోగం అదీ. ఒకరోజు నేను "యాంటీబయాటిక్ గంటలోపు పడిందా?" అని చదివాను. మత్తు డాక్టరు గారు "పడింది" అనబోయి, ట్రే వైపు చూశారు. సిరంజి నిండుగా అక్కడే ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. మందు పడ్డాకే పని మొదలైంది. ఆయన నాకంటే ఎంతో పెద్దవారు. కాగితం లేకుండా ఆ ప్రశ్న ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేదు. కాగితం ఉంది కాబట్టి అడిగింది నేను కాదు, కాగితం.

పుల్లవిరుపు · మంగళవారం, రాత్రి 8:18

అందరూ భజనలో ఉన్నారు కాబట్టి నేనో పుల్ల విరుస్తాను.

నీలిగౌను గారు 2009 దాని గురించి చెప్పారు. 2014లో కెనడాలోని ఒంటారియో రాష్ట్రం నుంచి ఇంకొకటి వచ్చింది. అక్కడ సర్జరీ చెక్‌లిస్టు అమల్లోకి తెచ్చాక 101 ఆసుపత్రుల్లో ముందూ వెనకా లెక్కలు తీశారు. మరణాల్లో గానీ ఇబ్బందుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాగితం అదే, మనుషులూ చదువుకున్నవాళ్లే. మరి మహిమ ఎక్కడికి పోయింది?

మా ఆఫీసులో కూడా ఇదే గొడవ. ఎక్కడో ఒక తప్పు జరుగుతుంది, మర్నాటికి ఫారంలో ఒక గడి పెరుగుతుంది. గడి పెంచినాయన పని చేసినట్టు, నింపేవాడికి తలనొప్పి. ఇప్పుడా ఫారం నాలుగు పేజీలు. మొత్తం నింపి చివర్లో చదివేవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

నీలిగౌను · మంగళవారం, రాత్రి 9:02

పుల్లవిరుపు గారూ, ఆ అధ్యయనం నేనూ చదివాను, కాదనను. ఒంటారియోలో ఎందుకలా అయిందో తేల్చేంత దాన్ని కాదు, నేను కళ్లారా చూసింది చెప్తాను. కొన్ని రోజులు మేం ఆగుతాం, తలలెత్తి ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటాం. కొన్ని రోజులు కేసులు ఎక్కువై, ఆపరేషన్ సగమయ్యాక మూలన కూర్చుని 19 గళ్లకీ ఒకే పెన్నుతో ఒకే ఊపులో టిక్కులు కొట్టేస్తారు. ఫైల్లో రెండు కాగితాలూ ఒకేలా కనిపిస్తాయి. లెక్కతీసేవాళ్లకి రెండూ "పూర్తి"యే.

రెంచి · మంగళవారం, రాత్రి 9:50

దీనికి మా దగ్గర రెండు చేదు పాఠాలున్నాయి.

1987 ఆగస్టు 16, డెట్రాయిట్. రన్‌వే వైపు వెళ్తుండగా దారి మార్పులు, రేడియోలో మాటలు, మధ్యలో అంతరాయాలు. ఆ సందట్లో టాక్సీ చెక్‌లిస్టు, అంటే విమానం నేల మీద రన్‌వే దాకా నడిచేటప్పుడు చదివేది, చదవనేలేదు. రెక్కల వెనక పైకి లేవడానికి దించే ఫ్లాప్స్ దిగలేదు. 156 మంది చనిపోయారు, విమానంలో ఒక్క నాలుగేళ్ల పాప బతికింది.

ఏడాది తిరిగింది. 1988 ఆగస్టు 31, డాలస్. ఈసారి చెక్‌లిస్టు చదివారు. ఫ్లాప్స్ అన్న చోట జవాబూ వచ్చింది, అది రికార్డులో ఉంది. ఫ్లాప్స్ మాత్రం దిగి లేవు. 14 మంది పోయారు. నోరు అలవాటు కొద్దీ సరే అనేసింది, కన్ను చూడలేదు.

మొదటిది అంతరాయం జబ్బు, రెండోది అలవాటు జబ్బు. కొత్తచీపురు గారికి ఉన్నది రెండోది. మొదటిదానికి మాకున్న మందు చెప్తాను: మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఎక్కడ ఆపామో గుర్తున్నా సరే, లిస్టు మొదటి గీత నుంచి మళ్లీ మొదలు. లిస్టు పొట్టిగా ఉంటేనే ఇది సాధ్యం. 43 అంశాల లిస్టుని మళ్లీ మొదలుపెట్టే మనిషి పుట్టలేదు.

గాలిపటం · బుధవారం, ఉదయం 11:20

విమానాలూ ఆసుపత్రులూ అయ్యాయి, నేను ఇంటి గోడు చెప్పుకోనా?

మా ఫ్రిజ్ తలుపు మీద ఒక లిస్టు ఉండేది. రాసింది నేను. చేయాల్సింది అందరూ. నెల తిరక్కుండానే అది గోడకి అతికించిన దెప్పిపొడుపు అయిపోయింది. "లిస్టులో ఉంది కదా, చూళ్లేదా?" అనే మాట మా ఇంట్లో రోజుకి నాలుగుసార్లు వినిపించేది, అన్నీ నా గొంతులోనే. మా ఆయన ఫ్రిజ్ వైపు చూడ్డం మానేశారు. సమన్లు వచ్చినవాళ్లు పోస్ట్‌మ్యాన్‌ని తప్పించుకు తిరిగినట్టు.

ఒకరోజు కూర్చుని అడిగాను. ఆయనన్నది నాకిప్పటికీ గుర్తే: "అందులో పదిహేను లైన్లున్నాయి, ఒక్కటీ నా మాటల్లో లేదు." "బాబు బ్యాగు సర్దాలి" అని నేను రాస్తే నా లెక్కలో దానర్థం డైరీలో సంతకం, నీళ్ల సీసా, మర్నాటి టైమ్‌టేబుల్, అన్నీ. ఆయన లెక్కలో జిప్పు పెడితే సర్దినట్టే. ఇద్దరం టిక్ కొట్టేది ఒకే గడిలో.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే పద్ధతి, పని ఎవరిదైతే గీత వాళ్లే రాసుకోవాలి. ఆయన మూడే గీతలు రాసుకున్నారు. బాబు తన బ్యాగుకి బొమ్మలు గీసుకున్నాడు, సంతకానికి గజిబిజి గీతలు, సీసాకి సీసా బొమ్మ. నాదేమో నా డైరీలో ఉంది, ఎవరికీ చూపించను.

ఇంకొకటి. అత్తయ్య గారి మాత్రలకి లిస్టు పనిచేయలేదు. "వేసుకున్నానా, వేసుకోలేదా?" అని ఆవిడకే అనుమానం వచ్చేది, టిక్ నిన్నటిదో ఇవాళ్టిదో తెలిసేది కాదు. వారానికి ఏడు గదులుండే మాత్రల డబ్బా తెచ్చాం. మంగళవారం గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. ఇక అడగాల్సిన పనే లేదు.

పాతదస్త్రం · బుధవారం, ఉదయం 11:48

గాలిపటం గారూ, ఆ డబ్బా ముందు మా ఆఫీసు సాఫ్ట్‌వేర్లన్నీ దిగదుడుపే. పని జరిగిందో లేదో పనే చూపించాలి, మనిషి సాక్ష్యం మీద ఆధారపడకూడదు.

నిద్రగన్నేరు · బుధవారం, మధ్యాహ్నం 1:15

నాది చిన్న మాట. రాత్రిళ్లు రేపటి పనులు తలలో తిరిగి నిద్ర పట్టని వాళ్లుంటే, పడుకునే ముందు ఐదు నిమిషాలు వాటిని కాగితం మీద రాసి చూడండి. 2018లో ఒక నిద్ర ప్రయోగశాలలో పరీక్షిస్తే, ఆ రోజు పూర్తిచేసిన పనులు రాసుకున్నవాళ్ల కంటే రాబోయే పనులు రాసుకున్నవాళ్లు సగటున 9 నిమిషాలు ముందు నిద్రపోయారట. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టిందట. నాకైతే ఫోన్లో రాస్తే పనిచేయలేదు. రాయడానికి తీసిన ఫోన్ పన్నెండింటికి గానీ కింద పెట్టలేదు 😀

కొత్తచీపురు · బుధవారం, రాత్రి 9:30

అందరికీ కృతజ్ఞతలు. యాప్ తీసేశాను. టింగు శబ్దం లేకపోవడం కాస్త వెలితిగానే ఉంది.

ఆఫీసుకి పాతదస్త్రం గారి మెయిల్ పద్ధతి. ఇంటికి మాత్రం చిన్న అట్టముక్క మీద ఐదు గీతలు రాసి వీధి తలుపుకి లోపలివైపు, గడియ పక్కన, కళ్లకి ఎదురుగా అంటించాను:

గీజర్
ఇస్త్రీపెట్టె
కిటికీలు
తాళంచెవి
ఐడీ కార్డు

తప్పులుంటే చెప్పండి.

రెంచి · బుధవారం, రాత్రి 10:04

చోటు బాగుంది. లిస్టు ఎప్పుడూ పని ఆగే చోట ఉండాలి, గడియ మీద చెయ్యి పడే చోటు కంటే మంచిది దొరకదు.

మాటలు మార్చండి. "గీజర్" అంటే ఏం చేయాలి? చదివిన ప్రతిసారీ మీ బుర్ర "ఆ, చేశాలే" అంటుంది. కంటికి కనిపించేది రాయండి. "గీజర్ లైటు ఆరింది." "ఇస్త్రీపెట్టె వైరు చుట్టి ఉంది." అప్పుడు చూడకుండా జవాబు చెప్పడం కష్టం.

జపాన్ రైల్వేలో ఉద్యోగులు సిగ్నల్ వైపు వేలు చూపించి పైకి చెప్తారు, పక్కన ఎవరూ లేకపోయినా. వేలు, కన్ను, నోరు, చెవి నాలుగూ ఒకే వస్తువు మీద పడితే అలవాటు కొద్దీ దాటేయడం కుదరదు. గీజర్ ముందు నిలబడి వేలు చూపించి "లైటు ఆరింది" అని బయటికి అనండి. సిగ్గుగానే ఉంటుంది, వారం ఓర్చుకోండి.

మూడోమెట్టు · బుధవారం, రాత్రి 10:09

గీజర్‌తో మాట్లాడుతున్నాడని ఇంట్లో ఇంకో పేరు పడుతుంది, చూసుకోండి.

పాతదస్త్రం · బుధవారం, రాత్రి 10:26

ఐడీ కార్డు గీత కొట్టేయండి. దాన్ని తాళంచెవితో పాటు ఒకే కొక్కేనికి తగిలించండి, చెవి లేనిదే తాళం పడదు కాబట్టి కార్డు కూడా దానంతటదే చేతికొస్తుంది. నాలుగు గీతలు మిగుల్తాయి. ఎప్పుడైనా గీత పెంచాలనిపిస్తే ముందు అడుక్కోండి: ఇది నిజంగా ఒక్కసారైనా తప్పిందా? తప్పితే నష్టం ఎంత? వస్తువు చోటు మారిస్తే ఈ గీత లేకుండా గడుస్తుందా? మూడో ప్రశ్నకి అవునంటే రాయకండి.

పుల్లవిరుపు · బుధవారం, రాత్రి 11:12

ఒక్కటి అడుగుతాను, రెంచి గారు చెప్పాలి. తీరిగ్గా ఉన్నప్పుడు ఇవన్నీ బాగానే ఉంటాయి. నిజంగా మీదికొచ్చినప్పుడు కాగితం చదువుతూ కూర్చుంటారా?

రెంచి · గురువారం, ఉదయం 5:58

మంచి ప్రశ్న. 2009 జనవరి 15, న్యూయార్క్. ఎగిరిన కాసేపటికే పక్షులు తగిలి రెండింజన్లూ శక్తి కోల్పోయాయి. కో-పైలట్ చెక్‌లిస్టు తెరిచాడు. అది ఎంతో ఎత్తులో ఇంజన్లు ఆగితే తీరిగ్గా చదవడానికి రాసింది. వాళ్లు ఉన్నదేమో మూడు వేల అడుగుల దగ్గర, చేతిలో నాలుగు నిమిషాలు కూడా లేవు. కొంత భాగమే పూర్తయింది. కెప్టెన్ మాత్రం లిస్టు తెరవకముందే తోకలోని చిన్న సహాయక ఇంజన్‌ని ఆన్ చేసేశాడు. లిస్టులో అది చాలా కిందికి ఉంటుంది. దానివల్ల కరెంటు పోలేదు. హడ్సన్ నది మీద దించారు, 155 మందీ బతికారు.

కాబట్టి చదువుతూ కూర్చోరు. ఒకరు చదువుతారు, ఇంకొకరు నడుపుతారు, వరస తప్పించాల్సిన చోట తెలిసినవాడు తప్పిస్తాడు. రోజూ లిస్టు పాటించినవాడికే ఎప్పుడు తప్పించాలో తెలుస్తుందని నా నమ్మకం. రుజువు చూపించమనకండి.

పుల్లవిరుపు · గురువారం, ఉదయం 8:40

సగం ఒప్పుకున్నాను. మిగతా సగం మా ఫారం నాలుగు పేజీల నుంచి ఒక పేజీకి దిగిన రోజు.

కొత్తచీపురు · మూడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:20

ఎవరూ అడగకపోయినా లెక్క అప్పజెప్తున్నాను.

మూడు వారాల్లో గీజర్ ఒక్కసారి కూడా మిగల్లేదు. మొదటి నాలుగు రోజులు వేలు చూపించడానికి నిజంగానే సిగ్గేసింది. ఐదో రోజు "లైటు ఆరింది" అని గట్టిగా అంటుంటే లైటు వెలుగుతూ కనిపించింది. నోట్లో మాట సగంలో ఆగిపోయింది. ఆఫ్ చేశానని ప్రమాణం చేసేవాణ్ణే. రెంచి గారూ, డాలస్ కథ అప్పుడు అర్థమైంది నాకు.

ఒక దెబ్బ తగిలింది. తలుపు దగ్గర నిలబడి రెండో గీతలో ఉండగా ఫోన్ మోగింది. మాట్లాడుతూ మాట్లాడుతూ తాళం వేసి వెళ్లిపోయా. ఆ రోజు పడకగది కిటికీ తెరిచే ఉంది, వాన జల్లుకి పరుపు తడిసింది. మొదటి గీత నుంచి మళ్లీ మొదలుపెట్టాలన్న రూలు చదివీ పాటించలేదు. ఇప్పుడు తాళం వేసి బయటికొచ్చాకే ఫోన్ ఎత్తుతున్నాను.

అట్టముక్కని రెండుసార్లు తిరగరాశాను. కిటికీల గీత ఇప్పుడు "పడకగది కిటికీ గడియ పడింది" అయింది, మిగతా కిటికీలు మేం తెరవనే తెరవం. ఐడీ కార్డు కొక్కేనికి వెళ్లింది.

గాలిపటం గారి మాట కూడా పనికొచ్చింది. మా ఆవిడ చివర తాళం వేసే రోజులకి నా అట్ట చూడమంటే, "అది నీ జబ్బుకి రాసుకున్న మందు, నాకెందుకు?" అంది. తనకి మరిచిపోయే గుణం వేరే చోట ఉంది, లాప్‌టాప్ చార్జర్. తన గీత తనే రాసి కింద అంటించుకుంది. మొన్న నేను ముందే బయల్దేరి, దారిలోంచి ఫోన్ చేశాను. మాట్లాడుతూనే ఉంది, ఉన్నట్టుండి "చార్జర్ బ్యాగులో ఉంది" అంది. నాతో కాదట.

మూడోమెట్టు · ఆదివారం, సాయంత్రం 5:41

ఇప్పుడు మీ ఇంట్లో వస్తువులతో మాట్లాడేవాళ్లు ఇద్దరు. అభినందనలు.

పుల్లవిరుపు · ఆదివారం, రాత్రి 7:15

వేలు చూపించడం నా వల్ల కాదు గానీ, ఆ మెయిల్ పద్ధతి మొదలుపెట్టాను. పాతదస్త్రం గారూ, దాంట్లో ఒక చిల్లుంది. కొత్త మెయిలైతే సరే, వచ్చినదానికి జవాబిచ్చేటప్పుడు చిరునామా ముందే నిండి ఉంటుంది కదా. నిన్న సరిగ్గా అక్కడే ఫైలు లేకుండా పంపాను.

పాతదస్త్రం · ఆదివారం, రాత్రి 7:52

నేనూ అక్కడ రెండుసార్లు పడ్డాను. జవాబు తెరవగానే చిరునామాని కట్ చేసి మెయిల్ మొదటి లైన్లో పెట్టేస్తాను. రాయడం అయ్యాక అది కళ్లకి అడ్డం వస్తుంది, తీసి పైన పెట్టేటప్పుడు ఫైలు ఉందో లేదో చూస్తాను. పదిమందికి ఒకేసారి జవాబిచ్చేటప్పుడు ఇది చిరాకే. దానికి మంచి దారి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నా గోడ మీది కాగితంలో ఆ గీత ఇంకా ఖాళీగానే ఉంది.